లీవర్ రైఫిల్ ట్రిగ్గర్ బిగుతు తగ్గించడం ఎలా?

అమెరికాలో జింకల వేటకు తరతరాలుగా చేతులు మారుతూ వస్తున్న రైఫిల్ మార్లిన్ 336. 1948లో వచ్చింది, ఎక్కువమంది వాడే తూటా .30-30. ఖాళీ తుపాకీ ఏడు పౌన్లు తూగుతుంది, అంటే మూడు కిలోల పైమాట. కొన్నింటికి ట్రిగ్గర్ లాగాలన్నా దాదాపు అంత బలమే కావాలి. వేలితో తుపాకీ బరువంతా లాగుతుంటే గురి ఎక్కడ నిలుస్తుంది?

ఇక్కడ రాసింది 336కే. వించెస్టర్ 1894 అనే మరో లీవర్ రైఫిల్ లోపలి అమరిక వేరు, దానికిది వర్తించదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు అమెరికాలో తుపాకీ ముట్టుకోవాలంటే చెల్లుబాటయ్యే వేట లైసెన్సులాంటి మినహాయింపు ఉండి తీరాలి. మన దేశంలోనైతే 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సున్న మరమ్మతుదారే ఈ పని చేయాలి.

ముందు తుపాకీ ఖాళీ చేయండి. తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో వరసగా ఉంటాయి కాబట్టి ఒకటి లోపల ఉండిపోవడం తేలిక. ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా లీవర్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే పిడి) కిందికీ పైకీ ఆడిస్తూ అన్నీ బయటికి తీయండి. టార్చి వేసి ఛాంబరూ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) గొట్టమూ చూడండి, వేలు పెట్టి తడమండి. తూటాల పెట్టెను వేరే గదిలో పెట్టి రండి.

తర్వాత తూచండి. ట్రిగ్గర్ కొలిచే స్ప్రింగ్ త్రాసు కొక్కేన్ని ట్రిగ్గర్ మధ్యలో తగిలించి, హ్యామర్ (వెనక ఉండే, దెబ్బ కొట్టి తూటాను పేల్చే సుత్తి) పడేదాకా మెల్లగా లాగాలి. ఐదుసార్లు చేసి సగటు రాసుకోండి. ఒక్క మెలిక: 336లో లీవర్‌ను పూర్తిగా పైకి నొక్కి పట్టుకుంటే తప్ప ట్రిగ్గర్ కదలదు, లోపల అడ్డం ఉంటుంది. పిడికిలి వదులుగా పట్టి ట్రిగ్గర్ బిగుసుకుపోయిందనుకున్నవాళ్లు లేకపోలేదు. హ్యామర్ ఊరికే కొట్టుకోకుండా ఛాంబర్లో డమ్మీ తూటా ఉంచండి. వేటకు నాలుగు పౌన్లు చాలు. చేతికి గ్లవ్స్ వేసుకుని, చలిలో వణుకుతూ ఉన్నప్పుడు అంతకంటే తేలికైన ట్రిగ్గర్ ప్రమాదమే.

మూడో పని శుభ్రం చేయడం. కొత్త స్ప్రింగ్ కొనబోయేముందు ఇది చేసి చూడండి. లీవర్ సగం తెరిచి, దాని స్క్రూ తీస్తే లీవరూ, వెనకే బోల్టూ (ఛాంబర్‌ను వెనకనుంచి మూసే కడ్డీ) వచ్చేస్తాయి. ఎజెక్టర్ అనే చిన్న ముక్క జారిపడుతుంది, కింద గుడ్డ పరవండి. ఏళ్ల తరబడి పోసిన నూనె లోపల జిగురులా గట్టిపడి ఉంటుంది. సాల్వెంట్‌తో కడిగి, హ్యామర్ తిరిగే స్క్రూ దగ్గర పలచటి నూనె ఒక్క చుక్క వేయండి. మళ్లీ బిగించి తూచండి. కొన్ని తుపాకులకు ఇక్కడితోనే సరిపోతుంది.

సరిపోకపోతే అసలు కారణం హ్యామర్ స్ప్రింగే. హ్యామర్ మీద ఒక గాడి ఉంటుంది, అందులో సియర్ అనే ముక్క కొన దూరి దాన్ని ఆపుతుంది. స్ప్రింగ్ ఎంత గట్టిగా నెడితే ఆ రెండూ అంత గట్టిగా ఒరుసుకుంటాయి, ఆ ఒరిపిడే మీ వేలికి తెలిసే బరువు. అందుకని ఈ తుపాకీ కోసమే చేసిన తక్కువ బలం స్ప్రింగ్ కొనండి. హ్యామర్ కిందికి దించి ఉంచి, వెనక స్క్రూ తీసి స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) లాగేయండి. స్ప్రింగ్ వెనక ఆనించిన చిన్న రేకును పక్కకు జరిపితే స్ప్రింగ్ బయటికి వస్తుంది. కళ్లకు రక్షణ అద్దాలు మరచిపోవద్దు. పాత స్ప్రింగ్‌నే రెండు చుట్లు కోసి పెట్టేవాళ్లున్నారు. ఎంత తగ్గిందో లెక్క ఉండదు, తిరిగి పెట్టడానికి పాతదీ మిగలదు.

ఆ గాడినీ సియర్ కొననూ మాత్రం ఆకురాయితో గీకకండి. కోణం వెంట్రుకవాసి తప్పినా, పైనున్న గట్టి పొర పోయినా, తుపాకీ కింద పడగానే పేలొచ్చు. అది గన్‌స్మిత్ పని. హ్యామర్ ఎత్తినప్పుడు ట్రిగ్గర్ వదులుగా ఊగడం వేరే సంగతి. ట్రిగ్గరూ సియరూ రెండు విడి ముక్కలు కావడం వల్ల వచ్చేది. రెండూ ఒకే ముక్కగా ఉండే ట్రిగ్గర్లు దొరుకుతాయి, అమర్చడం కూడా అతనికే వదిలేయండి.

ఇక పరీక్ష. ఖాళీ తుపాకీ హ్యామర్ ఎత్తి, బొటనవేలితో ముందుకు గట్టిగా నెట్టండి. లీవర్‌ను పదిసార్లు విసురుగా ఆడించండి. స్టాక్ అడుగున రబ్బరు సుత్తితో కొట్టండి. హ్యామర్‌ను సగంలో ఆపి ట్రిగ్గర్ లాగండి. ఎందులోనూ హ్యామర్ పడకూడదు. పడిందా, ఆ తుపాకీలో తూటా వేయకండి.

తర్వాత రేంజికి వెళ్లి, మొదట ఒక్కొక్క తూటానే వేసి, కనీసం ఇరవై కాల్చండి. పేలకపోతే బ్యారెల్ లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగి తెరవండి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. ఖాళీ తూటాల ప్రైమర్ల (అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మూతల) మీద గుంట లోతు లేకుండా కనిపించినా, ఒక్కటి పేలకపోయినా పాత స్ప్రింగ్ తిరిగి పెట్టేయండి. అందుకే దాన్ని ఒక కవర్లో వేసి, మొదట తూచిన సగటును పైన రాసి ఉంచుకోవాలి.