మెదడు కణితి రిపోర్టులో జన్యువుల వరుసలు చదివే పద్ధతి

ఉక్కు కర్మాగారం ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్లు పరీక్ష కాగితాలు చదివినవాణ్ని. అయినా తమ్ముడి బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజు, జగదాంబ కూడలిలో మందుల దుకాణం మెట్ల మీద కూర్చుని ఒక్క వరుసా అర్థం కాక తెల్లమొహం వేశాను. తర్వాత నేర్చుకున్నది చెబుతాను.

ముందు పేరు, వయసు, బ్లాకు (కణితి ముక్కను మైనంలో నిలవ చేసిన దిమ్మ) నంబరు సరిచూడండి. ఉక్కులో హీట్ నంబరు (ఒక్కో కరిగింపుకు ఇచ్చే గుర్తు) తప్పితే తక్కిన అంకెలన్నీ వృథా. మా కాగితంలో వయసు 48కి బదులు 84 అని పడింది. చిన్న పొరపాటు కాదది, ఎందుకో చూడండి.

ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉంటే కణితి సాధారణంగా కాస్త నెమ్మదిగా పెరిగే రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణలో, పెద్దవాళ్లకు గ్లియోబ్లాస్టోమా (వేగంగా పెరిగే మెదడు కణితి) అనే పేరు ఆ మార్పు లేనివాటికే పెడతారు. ఐడీహెచ్ కోసం కణితి ముక్క మీద చేసే మామూలు రంగు పరీక్ష, అందులో ఆర్132హెచ్ అనే ఒక్క రకం మార్పునే పట్టుకుంటుంది. అందుకే 55 ఏళ్ల లోపువారికి నెగెటివ్ వస్తే, జన్యు సీక్వెన్సింగ్ (జన్యువును అక్షరం అక్షరం చదివే పరీక్ష) కావాలా అని డాక్టరును అడగాలి. 84 అని ఉన్న కాగితం చూస్తే ఆ ఆలోచన ఎవరికి వస్తుంది?

అన్నిటికంటే తికమక పెట్టేది ఎంజీఎంటీ అనే జన్యువు వరుస. ‘మిథైలేటెడ్’ అన్న మాట చూసి మా మరదలు ఏడ్చింది. నిజానికి అది ఊరట. ఈ కణితికి ఇచ్చే టెమోజోలోమైడ్ అనే కీమో మందు కణితి డీఎన్‌ఏకు మిథైల్ అనే చిన్న రసాయన ముక్కలు అంటించి దెబ్బతీస్తుంది. ఎంజీఎంటీ జన్యువు తయారుచేయించే ప్రొటీన్ వాటిని పీకి మరమ్మతు చేస్తుంది. ఆ జన్యువుకే మిథైల్ పట్టి మూతపడితే మరమ్మతు మేస్త్రి పనిలోకి రాడు. మందు బాగా పనిచేసే అవకాశం పెరుగుతుంది. హామీ మాత్రం కాదు.

క్యాన్సర్ మూలకణాల (స్టెమ్ సెల్స్, అంటే కణితిని కొత్తగా మొలిపించగల కణాలు) వరుస కోసం వెతకకండి, రిపోర్టులో మామూలుగా ఉండదు. 2004లో టొరంటో పరిశోధకులు కణం పైన సీడీ133 అనే ప్రొటీన్ గుర్తున్న కణితి కణాలు వంద ఎలుక మెదడులో పెడితే కణితి లేచింది, గుర్తు లేనివి లక్ష పెట్టినా లేవలేదు. తర్వాత గుర్తు లేనివాటిలోనూ కొన్ని మొలకెత్తుతాయని తేలింది. బీచ్ రోడ్డు నడకలో ఒకాయన ‘స్టెమ్ సెల్ వైద్యం’ కరపత్రం చేతిలో పెట్టాడు. దానికీ దీనికీ సంబంధం లేదు, డబ్బు జాగ్రత్త.

సీక్వెన్సింగ్‌కు పంపాలంటే మైనపు బ్లాకు అడిగి తీసుకోండి. మే నెల ఎండలో నిలిపిన కారులో వదలకండి. మేము టిఫిను డబ్బాలో పెట్టి గాజువాక దాకా ఒడిలోనే ఉంచుకున్నాం. దారిలో మరదలు రెండుసార్లు మూత తీసి నంబరు చదివింది.