గ్రూప్ డ్రైవ్‌కి బండి సిద్ధం చేయడం: రీమ్యాప్ కంటే ముందు బ్రేకులు

నెల్లూరులో ఇప్పుడు వర్టస్ జీటీ, స్లావియా, ఐ20 ఎన్ లైన్, పాత పోలో జీటీ లాంటి కార్లు నడిపే కుర్రాళ్లు బాగా పెరిగారు. ముగ్గురు ఒకచోట కలిస్తే చాలు, ఆదివారం ఎటన్నా పోదామా అంటారు, ఆ వెంటనే రీమ్యాప్‌కి, అంటే పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడానికి, ఎంతవుతుంది అని మొదలుపెడతారు. నా మాట ముందే చెప్పేస్తా. మన ఎండకి, మన రోడ్లకి, బండిని పరిగెత్తించే ఖర్చు ఆఖర్న పెట్టాలి, ఆపే ఖర్చు ముందు పెట్టాలి. గ్రూప్‌గా పోయేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. మీ బ్రేకులు పట్టకపోతే మీరు గుద్దేది ముందున్న మీ స్నేహితుడి బండినే.

రూటు సంగతి చూద్దాం. మొదటిసారి ఐదారు బండ్లకు మించొద్దు. మైపాడు బీచ్ దగ్గరే కాబట్టి టిఫిన్‌కి పోయి రావడానికి బాగుంటుంది గానీ డ్రైవింగ్ మజా కావాలంటే పొదలకూరు మీదుగా రాపూరు పోయి, అక్కణ్ణించి చిట్వేలి వైపు ఘాట్ ఎక్కాలి. ఒంగోలు, మార్కాపురం వాళ్లకి గిద్దలూరు దాటాక నంద్యాల వైపు నల్లమల ఘాట్ ఉంది, దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డుంది. దోర్నాల రోడ్డు టైగర్ రిజర్వ్‌లో పోతుంది, రాత్రిపూట చెక్‌పోస్టు మూసేస్తారు, అక్కడ హారన్లు, సైలెన్సర్ మోతలు అసలు వద్దు. పడమటికి పోయే రూట్లకి మొబ్బులోనే బయల్దేరండి, తెల్లారేసరికి ఎండ వీపు వెనక ఉంటుంది. అదే పొద్దున్నే మైపాడు వైపు పోతే సూర్యుడు నేరుగా కళ్లల్లో కొడతాడు, ఎదురొచ్చే సైకిల్ కూడా కనపడదు.

బయల్దేరే ముందు అందరూ దిగి ఒక పది నిమిషాలు మాట్లాడుకోవాలి. ముందు బండి ఎవరు, ఆఖరి బండి ఎవరు, ఎక్కడ ఆగుతాం, ఎక్కడ పెట్రోలు కొట్టిస్తాం, ఇవి తేల్చుకోండి. రూటు బాగా తెలిసినవాణ్ణి ముందు పెట్టండి, అందరికంటే నిదానస్తుణ్ణి, పంక్చర్ కిట్టు, టో తాడు ఉన్నవాణ్ణి ఆఖర్న పెట్టండి. కొత్తగా వచ్చినవాణ్ణి ముందు బండి వెనకే ఉంచాలి. చాలామంది వాణ్ణి చివరికి నెట్టేస్తారు, వాడు అందుకోవాలని కంగారుపడి ఎక్కడో తప్పు ఓవర్‌టేక్ చేస్తాడు. "అన్నా, నువ్వు నా వెనకే రా, నా బ్రేక్ లైట్లు చూసుకో, నన్ను దాటాలని చూడొద్దు" అని ముందే చెప్పేస్తే సగం టెన్షన్ పోతుంది. గ్రూప్ లోపల ఒకరినొకరు దాటుకోవడం పూర్తిగా బంద్.

గ్యాప్ 3 సెకన్లు పాటించండి. వందలో పోతుంటే అది ఎనభై మీటర్ల పైమాటే, మధ్యలో ఇంకో కారు దూరుతుంది, దూరనివ్వండి. రూటు మారే జంక్షన్ల దగ్గర మీ వెనక బండి మిమ్మల్ని చూసేదాకా ఆగాలి, అదొక్కటీ అందరూ పాటిస్తే ఎవరూ తప్పిపోరు. ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ పోతుంటుంది కాబట్టి కాల్ మీద ఆధారపడొద్దు. ముందు వాడు దాటాడు కదా అని వెనకవాడు దాటడం అన్నిటికంటే ప్రమాదం. వాడికి ఖాళీగా కనపడిన రోడ్డు మీరొచ్చేసరికి ఖాళీగా ఉండదు, మీ కళ్లతో చూసుకునే దాటండి.

మన జిల్లాల్లో రోడ్డు మీద ఏముంటుందో కూడా చెప్పుకోవాలి. కోతల సమయంలో రైతులు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, వాళ్లకి వేరే కల్లం ఉండదు, వాళ్ల మీద విసుక్కోకండి. వడ్ల చివర వరసగా రాళ్లు పెడతారు చూశారా, వడ్లు ఎత్తేశాక కూడా ఆ రాళ్లు కొన్ని అక్కడే ఉండిపోతాయి. లో ప్రొఫైల్ టైరు (పక్క గోడ పొట్టిగా ఉండేది), అల్లాయ్ వీల్ అంచు అలాంటి రాయి మీద ఎక్కితే టైరు పక్కన ఉబ్బు వస్తుంది, ఆ టైరు ఇంక పనికిరాదు. వడ్ల మీద బ్రేక్ కొడితే బండి జారుతుంది, ముందే వేగం తగ్గించి స్టీరింగ్ కదపకుండా దాటాలి. సముద్రం వైపు రొయ్యల లోడ్ల నుంచి నీళ్లు కారుతుంటాయి, చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల నుంచి రాళ్ల ముక్కలు పడుతుంటాయి, ఆ లారీల వెనక అంటుకుని పోవద్దు. బీచ్‌కి పోయొస్తే అదే రోజు బండి కింద మంచినీళ్లతో కడిగించండి, ఉప్పు అలాగే వదిలేస్తే బోల్టులు తుప్పు పడతాయి.

ఎన్‌హెచ్ 16 మీద కార్లకి పరిమితి గంటకి 100 కిలోమీటర్లు. కొరిశపాడు దగ్గర హైవే మీదే విమానాలు అత్యవసరంగా దిగడానికి 4.1 కిలోమీటర్ల స్ట్రిప్ ఉంది, 2022 డిసెంబరులో వాయుసేన అక్కడ ట్రయల్ కూడా చేసింది. ఆ నున్నటి రోడ్డు చూడగానే ఎవరికైనా కాలు దురద పుడుతుంది, కానీ అది నడిచే హైవే, ట్రాక్టర్లూ బైకులూ తిరుగుతూనే ఉంటాయి. రోడ్డు మీద రేసు పెడితే మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద మొదటిసారే 5,000 రూపాయల జరిమానా గానీ, 3 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

ఇక అప్‌గ్రేడ్లు. మొదట టైర్లు. మీ టైరు పక్క గోడ మీద నాలుగంకెల నంబరు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. రబ్బరు ఎంత ఉన్నా, అంత పాత టైరుతో ఘాట్ ఎక్కొద్దు. గాట్ల లోతు చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లు చాలు గానీ, అక్టోబరు, నవంబరుల్లో మనకి పడే వానకి 3 కంటే తగ్గితే టైరు నీళ్ల మీద తేలుతుంది. వెడల్పు పెంచాలనుకుంటే చుట్టుకొలత మారకుండా చూడండి. 185/60 ఆర్15 సైజు టైరు తీసేసి 195/55 ఆర్15 వేస్తే తేడా ఒకటిన్నర శాతం లోపే, స్పీడోమీటర్ పెద్దగా తప్పు చూపించదు. మీ మోడల్ పై వేరియంట్‌కి కంపెనీయే ఇచ్చిన సైజుకి పోవడం అన్నిటికంటే మంచిది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే డోర్ దగ్గరి స్టిక్కర్ చూసి గాలి కొట్టించండి. పరిగెత్తాక మూడు నాలుగు పాయింట్లు పెరగడం మామూలే, ఎక్కువైందని దారిలో గాలి తీసేయొద్దు.

తర్వాత బ్రేకులు, ఇక్కడ ఎక్కువ డబ్బు కూడా కాదు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హామీ 155కి పడిపోతుంది. ఘాట్ దిగుతూ అదే పనిగా పెడల్ నొక్కితే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, అప్పుడు పెడల్ మెత్తగా నేలకంటుతుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లకొకసారి ఆయిల్ మార్పించండి, మంచి ప్యాడ్లు వేయించండి. దిగేటప్పుడు రెండో గేరో మూడో గేరో వేసి ఇంజిన్‌తోనే వేగం ఆపాలి, ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టాలి. మాడిన వాసన వస్తే పెడల్ మీద కాలు పెట్టి నిలబెట్టేయకుండా నిదానంగా కాసేపు నడుపుతూ చల్లారనివ్వండి.

సస్పెన్షన్ మీద ఒక్క మాటే. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకి బండిని బాగా కిందికి దించితే రోజూ నరకమే, షాక్స్ మంచివి వేయించి ఎత్తు అలాగే ఉంచండి.

రీమ్యాప్ చివర. టర్బో బండికి సాఫ్ట్‌వేర్ మార్చగానే టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) పెరుగుతుంది, నిజమే, బో మజాగా ఉంటుంది. కానీ వర్టస్, స్లావియాల్లో వచ్చే 1.5 టీఎస్‌ఐ టర్బో ఇంజిన్ కంపెనీ నుంచే 250 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్ ఇస్తుంది, దానికి పెట్టిన ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తట్టుకునే హద్దు కూడా 250 ఎన్‌ఎమ్మే. దానిపైన పెంచినదంతా క్లచ్ ప్యాకుల ఆయుష్షు మీద పడుతుంది, వారంటీ కూడా పోతుంది. పైగా రోహిణి కార్తె ఎండల్లో లోపలికి పోయే గాలే వేడిగా ఉంటుంది కాబట్టి నాక్ (ఇంజిన్ లోపల పెట్రోలు అదుపు తప్పి మండడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, డబ్బు పెట్టి కొన్న పవర్ సగం మధ్యాహ్నాలు కనపడదు. మోత కోసం ఓపెన్ కోన్ ఎయిర్ ఫిల్టర్ పెడితే అది బానెట్ లోపలి వేడి గాలినే పీలుస్తుంది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసే పైపుల జోలికి పోవద్దు, అది చట్టానికీ విరుద్ధం, ఊరికీ పొగ.

చట్టం సంగతి గట్టిగానే చెప్తా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ దాటి బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 182ఏ కింద ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. ఏ మార్పు చేసినా ముందు ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా తెలపండి, లేదంటే పెద్ద యాక్సిడెంట్ రోజున క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు.

నిజంగా వేగం చూడాలంటే మనకి అదృష్టం ఏంటంటే చెన్నై దగ్గరే ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, 3.7 కిలోమీటర్ల సర్క్యూట్, ఎదురొచ్చే బండి ఉండదు. ట్రాక్ డేకి నలుగురు కలిసి పేర్లిచ్చుకుని ముందురోజు రాత్రే చెన్నై చేరుకోండి. ఫుల్ ఫేస్ హెల్మెట్, టో హుక్ పెట్టుకోండి, డిక్కీ, డ్యాష్‌బోర్డు మీద కదిలేవన్నీ తీసేయండి, వీల్ బోల్టులు టార్క్ రెంచ్‌తో చూపించండి. గట్టిగా నడిపిన ప్రతిసారీ ఆఖరి ల్యాప్ నిదానంగా తిప్పితే టర్బో, బ్రేకులు చల్లబడతాయి. ప్యాడ్లు సగం కంటే ఎక్కువ అరిగి ఉంటే నెల్లూరులోనే మార్పించుకుని బయల్దేరండి, సాయంత్రం హైవే మీద ఇంటికి రావాల్సింది కూడా ఆ బండిలోనే.