బొమ్మల కొలువులో సముద్రం కావాలా? రెజిన్ డబ్బా తెరిచే ముందు...

మా తమ్ముడి కొడుకు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూసొచ్చాడు. మర్నాడే తన రబ్బరు మోససారస్‌ను (ఒకప్పటి సముద్రపు సరీసృపం) తెచ్చి నా ఒళ్లో పడేశాడు. "అత్తా, దీన్ని కొలువుల పెట్టాలె. ఉత్తగ పెడితె బల్లి లెక్క ఉంటది. నీళ్లు కావాలె" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. మోససారస్ నిజంగానే బల్లులకూ పాములకూ చుట్టం.

అలా మొదలైంది మా ఇంట్లో రెజిన్‌తో, అంటే పోశాక గట్టిపడి గాజులా కనిపించే ద్రవంతో, సముద్రాల తయారీ. ఇప్పటికి అయిదు చేశాను. రెండు పాడయ్యాయి, ఒకటి పొగ పెట్టింది. దసరాకు కొలువు పెట్టేవాళ్లకు ఈ పని సరిగ్గా వానల్లో వచ్చిపడుతుంది. సెలవుల్లో పిల్లల సరదాకు చేద్దామంటే మండే ఎండలు. హైదరాబాద్‌లో రెజిన్ పనికి అనువైనవి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉండే నెలలే. కొలువు సంక్రాంతికి పెట్టేవాళ్లు ఆ లెక్కన అదృష్టవంతులు. మిగతావాళ్లు ఇది చదివి డబ్బా మూత తీయండి.

ఎండాకాలంలో: అది దానంతటదే ఉడుకుతుంది

ఎపాక్సీ రెజిన్ ఆరి గట్టిపడదు. హార్డెనర్‌తో (దానితో కలపాల్సిన రెండో ద్రవం) కలిసినప్పుడు జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. పల్చగా పోస్తే ఆ వేడి గాల్లో కలిసిపోతుంది. లోతైన మగ్గులో ఉంచితే బయటికి పోయే దారి లేక లోపలే పెరుగుతుంది. వేడి పెరిగేకొద్దీ చర్య ఇంకా వేగమవుతుంది, దాంతో వేడి మరింత పెరుగుతుంది. దీనికి మే నెల ఎండ కూడా తోడైతే చెప్పేదేముంది.

నేను చేసిన తెలివితక్కువ పని ఇదే. మిట్టమధ్యాహ్నం బాల్కనీలో కూర్చుని అర కిలో సరుకు ఒకే ప్లాస్టిక్ మగ్గులో కలిపాను. ఫోన్ మోగితే లోపలికెళ్లాను. తిరిగి వచ్చేసరికి మగ్గు అడుగు మెత్తబడి వంగిపోయింది, పైనుంచి ఘాటైన పొగ. బాల్కనీలో ఉంది కాబట్టి సరిపోయింది. వంటగది గట్టు మీదైతే ఏమయ్యేదో.

అందుకని ఎండాకాలంలో తెల్లవారుజామున కలపండి. ఒక్కో విడతకు 100, 150 గ్రాములు మించొద్దు. కలిపిన వెంటనే పోసేయాలి, మగ్గులో ఉంచొద్దు. ఒక పొర ఎంత మందం పోయవచ్చో డబ్బా మీదే రాసి ఉంటుంది. పైపూతకు పనికొచ్చే మామూలు రకాలకు అది కొన్ని మిల్లీమీటర్లే. రెండు అంగుళాల సముద్రం ఒకేసారి పోయాలంటే లోతుగా పోయడానికే చేసిన రకం వేరే ఉంటుంది, అది కొనాలి. మగ్గు వేడెక్కడం మొదలైతే మూత పెట్టకండి, నీళ్లు పోయకండి. పట్టుకోగలిగేంత వేడిలోనే ఉంటే ఆరుబయట ఇనప పళ్లెంలో పల్చగా పరిచేయండి. పొగ మొదలైతే మాత్రం ముట్టుకోకుండా, పిల్లల్ని దూరంగా ఉంచి, చల్లారేదాకా వదిలేయండి.

కొలతల విషయంలో వంటింటి అంచనాలు పనిచేయవు. 2:1 (రెజిన్ రెండు పాళ్లు, హార్డెనర్ ఒక పాలు) అని రాసి ఉంటే అది తూకం ప్రకారమో, పరిమాణం ప్రకారమో ముందు చూడండి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎన్నటికీ జిగట వదలని సముద్రం మిగులుతుంది.

వానాకాలంలో: తేమ

వానల్లో వేడి భయం తగ్గుతుంది, తేమ పట్టుకుంటుంది. హార్డెనర్‌లోని అమీన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి పైన మైనంలాంటి తెల్లని పొర కడతాయి. అద్దంలా ఉండాల్సిన నీళ్లు మజ్జిగ తేటలా కనిపిస్తాయి. ఇది చూసి కంగారుపడి మీద ఇంకో పొర పోసేస్తారు చాలామంది. అది అంటుకోదు. ముందు గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, తుడిచి, బాగా ఆరనిచ్చి, వాటర్ పేపర్‌తో రుద్ది, ఆ తర్వాతే పోయాలి.

అడుగున పరిచే ఇసుక, గులకరాళ్లు చేతికి పొడిగా తగిలినా లోపల చెమ్మ ఉంటుంది. ఇసుకను పాత మూకుట్లో వేయించి పూర్తిగా చల్లార్చి వాడండి. ఆ మూకుడు మళ్లీ వంటకు వాడొద్దు. రెజిన్ పోసేటప్పుడు కిటికీలు తెరిచే ఉండాలి. పోయడం అయ్యాక ఏసీ గదిలో పెడితే తేమ తగ్గుతుంది, కానీ ఆ రాత్రి ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు. ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప వాసనను బయటికి పంపదు.

చేతులు, ముక్కు

దీని గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. నేను రాణిగంజ్‌లో కొన్నప్పుడు "ఏం కాదమ్మా, అందరూ ఉత్త చేతులతోనే చేస్తారు" అన్నారు. ఎపాక్సీ ఒంటికి తగిలిన ప్రతిసారీ దద్దుర్లు రావు. కానీ పదే పదే తగిలితే ఒకనాటికి ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఇక ఆ తర్వాత చిన్న చుక్క తగిలినా దురద, బొబ్బలు. అది మళ్లీ పోయే జబ్బు కాదు. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి, డాక్టర్ల దగ్గరుండే పల్చటి రబ్బరువి దీనికి చాలవు. చర్మానికి అంటితే థిన్నర్‌తో తుడవొద్దు. అది రెజిన్‌ను చర్మం లోపలికే పంపుతుంది. సబ్బు, నీళ్లు చాలు.

గుడ్డ మాస్కు దేన్నీ సరిగ్గా ఆపదు. ఎన్95 రుద్దేటప్పుడు లేచే దుమ్మును ఆపుతుంది కానీ ఆవిరిని ఆపదు. దానికి కార్బన్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలను ఈ పనికి దగ్గరకు రానివ్వొద్దనేది నా పట్టుదల. మావాడు అలిగాడు. అలగనిచ్చాను.

బొమ్మ తేలుతుంది, థర్మోకోల్ కరుగుతుంది

రబ్బరు జంతువుల్లో చాలావాటికి లోపల డొల్ల, అతుకు దగ్గర సన్నని రంధ్రం. రెజిన్ పోయగానే ఆ రంధ్రంలోంచి బుడగలు వస్తూనే ఉంటాయి, పైగా బొమ్మ మెల్లగా పైకి తేలుతుంది. మా ప్లీసియోసార్ (పొడవాటి మెడ ఉన్న సముద్రపు సరీసృపం) తెల్లారేసరికి వెల్లకిలా పడి ఉంది. రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో మూసి, ఫెవికాల్ పల్చగా రెండు పూతలు వేసి, కింద తీగతో అడుగుకు బిగించండి.

థర్మోకోల్ కొండల మీద స్ప్రే పెయింట్ కొడితే కళ్లముందే గుంటలు పడతాయి. ముందు ఫెవికాల్ కలిపిన కాగితం అతికించి, ఆరాక రంగు వేయాలి.

జంతువులను కలిపేటప్పుడూ కాస్త ఆలోచించండి. చేపల్లా కనిపించే సముద్రపు సరీసృపాలు ఇక్తియోసార్లు సుమారు 9 కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయి. మోససారస్ వచ్చింది ఆ తర్వాత. రెండూ ఒకే సముద్రంలో ఈదవు. మన కోటాసారస్ జురాసిక్ కాలపు నేల జంతువు కాబట్టి దాన్ని గట్టు మీద నిలబెట్టి, నీళ్లలో ఇక్తియోసార్‌ను వదలొచ్చు. ఇక్తియోసార్ తోక చేప తోకలా నిలువుగా ఉంటుంది. డాల్ఫిన్ తోకలా అడ్డంగా ఉన్న బొమ్మ కనిపిస్తే కొనకండి. ప్లీసియోసార్ మెడను హంసలా పైకెత్తి పెట్టొద్దు, అంత పైకి ఎత్తగలిగే ఎముకలు కావవి. 1868లో ఎలాస్మోసారస్ అనే ప్లీసియోసార్ ఎముకలు పేర్చిన ఎడ్వర్డ్ కోప్ అనే శాస్త్రవేత్త తలను తోక చివర పెట్టేశాడు. కాబట్టి మీ పొరపాటుకు మరీ సిగ్గుపడక్కర్లేదు.

నిజం నీళ్లే పోస్తానంటారా

రెజిన్ గొడవెందుకు, గాజు తొట్టిలో నీళ్లు పోసేద్దామంటారు కొందరు. తొమ్మిది రోజుల కొలువుకు అది ఇంకో రకం ప్రమాదం. డెంగీ దోమ మురుగులో కాదు, ఇలాంటి తేటనీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు చాలు. నీళ్లు మార్చినంత మాత్రాన సరిపోదు. నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. మూడు రోజులకోసారి ఒంపేసి, గోడలను పీచుతో రుద్ది, మళ్లీ నింపండి.

బరువు కూడా లెక్కేయండి. 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 20 లోతు అంటే 27 లీటర్లు, అంటే 27 కిలోలు. అట్టపెట్టెల మీద చీర పరిచి కట్టిన కొలువు మెట్టు అంత మోయదు. నేల మీదే పెట్టండి. అప్పుడు ఇంట్లో పాకే పిల్లలుంటే అదొక ప్రమాదం. రెండు అంగుళాల నీళ్లు చాలు పసివాళ్ల ప్రాణం పోవడానికి. అలాంటి ఇంట్లో నిజం నీళ్లు వద్దే వద్దు. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్లీ గోళీలు కూడా వద్దు. మిఠాయి అనుకుని మింగితే కడుపులోకి వెళ్లాక ఉబ్బి పేగును మూసేస్తాయి.

వెలుగు కోసం 5 వోల్టుల యూఎస్‌బీ దీపాలు వాడండి, అడాప్టర్ తొట్టికి దూరంగా, ఎత్తులో ఉండాలి. గోడ ప్లగ్గుకు నేరుగా పెట్టే పంపు వాడితే వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వదలండి, కారిన నీళ్లు అక్కడే బొట్టుబొట్టుగా పడిపోతాయి. బోరు నీళ్లు గాజు మీద తెల్లని చారలు వదులుతాయి. ఫిల్టర్ నీళ్లు పోయండి.

పిల్లలే స్వయంగా చేయాలంటే వీటిలో ఏదీ అక్కర్లేదు. నీలి రంగు వేసిన అట్ట మీద టిష్యూ కాగితం ముడతలు పడేలా పరిచి, ఫెవికాల్ పూసి ఆరబెడితే చక్కటి అలలు వస్తాయి. మోససారస్‌ను నడుము దగ్గర కోసి పైసగం అతికిస్తే సగం మునిగినట్టే ఉంటుంది. కోయడానికి మావాడు ఒప్పుకోలేదు. అట్టకే బెజ్జం చేశాం.

కొలువు ఎత్తేశాక మిగిలిన రెజిన్‌ను సింకులో గానీ మోరీలో గానీ పోయకండి. రెండు భాగాలూ కొంచెం కొంచెంగా కలిపి గట్టిపడనిచ్చి చెత్తబండిలో వేయండి. చేసిన సముద్రాన్ని అటక మీద పెట్టేటప్పుడు బట్టర్ పేపర్ చుట్టండి. నేను న్యూస్ పేపర్ చుట్టాను. మే ఎండకు రెజిన్ మెత్తబడి అది అతుక్కుపోయింది, ఇప్పుడు మా సముద్రం అడుగున కిందటేటి బంగారం ధరలు కనిపిస్తాయి.