చెక్కుడు బొమ్మల బండలను వెతకబోయే ముందు

వానలు వెనుకబట్టి గడ్డి ఎండే కాలంలో, కర్ణాటకలోని బళ్ళారి దగ్గర ప్రాచీన చెక్కుడు బొమ్మలున్న కుప్గల్ కొండ వంటి చోట్లకు వెళ్ళేవారు ముందుగా ఇవి గమనించాలి.

బొమ్మపై సుద్ద గీయకూడదు, నీళ్ళు పోసి రుద్దకూడదు. బండ నల్లని పైపొరను పొడిచి చెక్కిన ఆ గాట్లు మళ్ళీ ఎంత నల్లబడ్డాయన్నది వాటి ప్రాచీనతకు ఒక ఆధారం. చెరిగితే తిరిగి రాదు.

దగ్గర్లో రాతి క్వారీ ఉంటే అందులో పేలుళ్ళ వేళలు తెలుసుకోవాలి, ప్రాణం ముఖ్యం.

ఉదయమో సాయంత్రమో వెళ్ళాలి. నడినెత్తి ఎండలో కనబడని, బండపై చెక్కిన ఎద్దు మూపురం, ఏటవాలు వెలుగులో నీడ పట్టి తేలుతుంది.

1892లో ఫాసెట్ అనే బ్రిటిష్ అధికారి ఈ బొమ్మలపై ప్రచురించిన వర్ణన వంటి పాత రాతలను చదివి, ఆపైన గొర్రెల కాపరులను అడగాలి. కొడితే గంటలా మోగే బండల జాడ వారికే బాగా తెలుస్తుంది.

కొలబద్ద పెట్టి ఫొటో తీయాలి. కచ్చితమైన చోటును పురావస్తు శాఖకే తెలపాలి, ఎందుకంటే చోటు బయటపడితే ఆ బండపై పేర్లు చెక్కేవారు ఉంటారు.