తాబేలు తొట్టి కడిగే ముందు

హీటరు, ఫిల్టరు, దీపాల ప్లగ్గులన్నీ ముందే తీసేయండి. వేడెక్కిన గాజు హీటరు నీరు తగ్గితే పగిలిపోవచ్చు. పావుగంట ఆగి, అది చల్లారాకే నీళ్లు తోడండి.

• తాబేలును వేరే టబ్బులో ఉంచండి, వంటగది సింకులో వద్దే వద్దు. ఎర్రచెవి తాబేలు ఎంత ఆరోగ్యంగా కనిపించినా దాని ఒంటిపై సాల్మొనెల్లా (విరేచనాలు, జ్వరం తెప్పించే బ్యాక్టీరియా) ఉండవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

• చేతిలోకి తీసుకున్నప్పుడే కళ్లు చూడండి. రెప్పలు ఉబ్బి మూసుకుపోయి ఉంటే విటమిన్ ఎ లోపం కావచ్చు, పశువైద్యుడికి చూపించండి.

• సబ్బు, ఫినాయిల్ వాడకండి.

• ఫిల్టరు స్పాంజిని తొట్టిలోంచి తోడిన నీళ్లలోనే పిండండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే: తాబేలు వ్యర్థాల నుంచి పుట్టే విషపూరిత అమ్మోనియాను విరిచే మేలు బ్యాక్టీరియా స్పాంజిలో ఉంటుంది, కుళాయి నీటిలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది.

• కొత్త నీటి వెచ్చదనం పాత నీటికి సరిపోవాలి.