కొండెక్కే సైకిల్‌కు ముందు గేరు, తర్వాతే మిగతావి

షాపులో చెప్పే అప్‌గ్రేడ్ల జాబితా కొండవీటి చాంతాడంత ఉంటుంది. అదే కొండవీడు ఘాట్ రోడ్డు మీదో, కొండపల్లి వైపు కంకర బాటల్లోనో ఒకే పూట నాలుగైదు సార్లు ఎక్కి దిగాలంటే ముందు కావాల్సింది ఒక్కటే: మోకాళ్ళు ఓర్చుకునే చిన్న గేరు. తేలిక హ్యాండిల్, తేలిక సీటు ఆనక చూసుకోవచ్చు.

మీ గేరు ఎంత చిన్నదో ఇంట్లోనే లెక్క కట్టొచ్చు. ముందున్న అతి చిన్న పళ్ళచక్రాన్ని వెనకున్న అతి పెద్దదానితో భాగించండి. క్రాంకు (పెడళ్ళు తిప్పే ముందు భాగం) మీద 42, 32, 22 పళ్ళ చక్రాలు, వెనక 14 నుంచి 28 పళ్ళ దాకా చక్రాల గుత్తి (ఫ్రీవీల్) ఉన్న సైకిల్‌కు 22ను 28తో భాగిస్తే 0.79. 29 అంగుళాల చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.3 మీటర్లు వెళ్తుంది కాబట్టి, నిమిషానికి 60 సార్లు తొక్కితే వేగం గంటకు 6.5 కిలోమీటర్లు. నిటారు ఎక్కుడులో అంతకంటే నెమ్మదిస్తే తొక్కుడు బరువెక్కి, భారమంతా మోకాలి మీద పడుతుంది. వెనక 14-34 వేస్తే నిష్పత్తి 0.65కు దిగుతుంది, వేగం 5.4. ముందు ఒక్కటే 32 పళ్ళ చక్రం, వెనక 10-51 ఉండే ఖరీదైన జోడీ ఇచ్చేది కూడా 0.63 మాత్రమే. పాత మూడు చక్రాల క్రాంకును చిన్నచూపు చూడనక్కర్లేదు.

కొనేముందు వెనక హబ్ (చక్రం నడిమి భాగం) చూడండి. వెనక పళ్ళచక్రాల గుత్తి రెండు రకాలు. ఫ్రీవీల్ హబ్ మీది మరకు తిప్పితే బిగుస్తుంది, క్యాసెట్ హబ్ గాడుల్లోకి జారుతుంది. ఒకదాని చోట ఇంకోటి పట్టదు, చక్రమే మార్చాలి. షిమానో కంపెనీ డియోర్ రకంలో 11 స్పీడ్ (వెనక 11 చక్రాలు) 11-51 క్యాసెట్ మామూలు గాడుల హబ్‌కు ఎక్కుతుంది, 12 స్పీడ్ 10-51కు మైక్రో స్ప్లైన్ అనే వేరే రకం గాడుల హబ్ కావాలి. రెండింటికీ షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేరు మీట), డీరైలర్ (చైన్‌ను చక్రం నుంచి చక్రానికి జరిపేది), చైన్ కూడా అదే స్పీడ్‌వి ఉండాలి. 14-34కు మారేవాళ్ళు వెనక డీరైలర్ 34 పళ్ళకు పనికొస్తుందో లేదో, దాని కెపాసిటీ, అంటే అది సర్దుకోగల మొత్తం పళ్ళ తేడా, చాలుతుందో లేదో చూసుకోవాలి. ముందు తేడా 20, వెనక తేడా 20, మొత్తం 40. పాత చైన్ పొట్టిదైపోవచ్చు. డీరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు అతి పెద్ద చక్రం, వెనక అతి పెద్ద చక్రం మీద చుట్టి, ఆ పొడవుకు ఒక అంగుళం కలిపి కోయండి. పొట్టి చైన్‌తో ఆ గేరులో పడితే డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది.

ఎక్కుళ్ళలో అన్నిటికంటే త్వరగా అరిగేది చైనే. తక్కువ వేగంలో లాగుడు ఎక్కువ, పైగా గన్నవరం దాకా వెంటాడే ఎర్రదుమ్ము నూనెతో కలిసి గరుకు కాగితంలా పిన్నులను కోస్తుంది. స్కేలు పెట్టి 12 పూర్తి లింకులు (లోపలిది, బయటిది కలిపి ఒకటి) కొలవండి: కొత్త చైన్ సరిగ్గా 12 అంగుళాలు, 304.8 మిల్లీమీటర్లు. 306.3 దాటితే మార్చేయాలి. ఈ రోజు చైన్‌కు కక్కుర్తి పడితే రేపు క్యాసెట్ కూడా కొనాలి, ఎందుకంటే సాగిన చైన్ పళ్ళను తన కొలతకు అరగదీసుకుంటుంది. అప్పుడు కొత్త చైన్ వేసినా బలంగా తొక్కగానే జారుతుంది.

చైన్‌ను కిరోసిన్‌లో కడిగితే పూర్తిగా ఆరాకే నూనె పెట్టాలి, రోలర్‌కు ఒక్క చుక్క. కొన్ని గంటలాగి పైన మిగిలింది గుడ్డతో తుడవాలి, అక్కడే దుమ్ము అంటేది. ఎండాకాలం డ్రై లూబ్ (దుమ్ము తక్కువ అంటే చైన్ నూనె), వానాకాలం వెట్ లూబ్ (నీళ్ళకు త్వరగా పోనిది). ఇంజన్ ఆయిల్, గ్రీజు వద్దు. బైకుల వాటర్ సర్వీసులో ప్రెషర్ పైపు హబ్, క్రాంకు బేరింగుల వైపు అసలు పట్టనివ్వకండి.

గేరు మార్చేది ఎక్కుడు మొదలయ్యాక కాదు, దానికి పది మీటర్ల ముందే. ఆలస్యమైతే అర చుట్టు కాళ్ళు వదులుగా తిప్పి అప్పుడు మార్చండి.

మన దగ్గర టైరుకు అసలు శత్రువు రాయి కాదు, పల్లేరుకాయ, తుమ్మ ముల్లు. ట్యూబ్‌లెస్ చేస్తే 29 అంగుళాల టైరుకు 80 నుంచి 100 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) పోసి, ఎండలు ముదిరాక రెండు నెలలకోసారి ఊపి చూడండి, త్వరగా గడ్డకడుతుంది. 70 కిలోల మనిషికి 2.25 టైరులో వెనక 25 పీఎస్ఐ, ముందు 22తో మొదలుపెట్టండి. ట్యూబుతో అయితే 30 పైన, లేకపోతే రాయి తగిలి రెండు కాట్లు పడతాయి.

ఎక్కినంత సేపూ దిగాలి కదా, డిస్కు బ్రేకు పట్టుకునే ఉంటే రెసిన్ ప్యాడ్లు మాడి మెరుపెక్కుతాయి, పట్టు పోతుంది. గట్టిగా కాసేపు పట్టి వదలాలి. ప్యాడ్ మందం అర మిల్లీమీటరుకు దిగినా, 1.8 మిల్లీమీటర్ల మందమున్న షిమానో డిస్కు 1.5కు వచ్చినా మార్చండి.

నిలబడి తొక్కితే కిర్రు పోతే తప్పు సీటు గొట్టంలో ఉన్నట్టు. కూర్చున్నా నిలబడ్డా ఒకే కాలి తొక్కుడుకు వస్తే పెడలో క్రాంకో చూడండి. చదరపు ఇరుసు మీద ఎక్కే క్రాంకు బోల్టును 35 నుంచి 50 న్యూటన్ మీటర్లతో బిగించాలి. వదులుగా ఒక్క పూట తొక్కినా లోపలి చదరపు రంధ్రం గుండ్రబడుతుంది, ఆపైన ఎంత బిగించినా నిలవదు, కొత్త క్రాంకే.