వేసవిలో గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

అలిపిరి మెట్ల దారిలో కష్టమంతా ముందే ఎదురవుతుంది కాబట్టి, మన ఓపిక ఎంతో సగం దారిలోనే తెలిసిపోతుంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, లోతైన లోయ ఉన్న గ్రాండ్ కాన్యన్ నేషనల్ పార్కులో ఈ వరుస తిరగబడుతుంది. ఉదయపు చల్లగాలిలో హాయిగా దిగిపోతాము. అలసట మొదలయ్యే వేళకు ఎండ నడినెత్తికి వస్తుంది, ఎక్కవలసినదంతా మిగిలే ఉంటుంది.

లోయ దక్షిణపు అంచైన సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంటే, అడుగున కొలరాడో నది చెంత ఉన్న ఫాంటమ్ రాంచ్ అనే విడిది సుమారు 2,500 అడుగుల ఎత్తునే ఉంటుంది. ప్రతి వెయ్యి అడుగుల దిగుడుకూ సుమారు 3 డిగ్రీల వేడి పెరుగుతుంది కనుక, పైన 28 డిగ్రీలున్న రోజున అడుగున 40 దాటుతుంది. అందుచేత ఉదయం 10 నుండి సాయంత్రం 4 వరకు లోపలి దారుల్లో నడవకూడదు. ఒక్క రోజులో నది దాకా వెళ్లి తిరిగి రావద్దన్న పార్కు హెచ్చరికను, ఎంత దృఢంగా ఉన్నవారైనా పాటించవలసిందే. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి పడుతుందని లెక్కవేసి, చేతిలో ఉన్న సమయంలో మూడో వంతు గడవగానే, కాళ్లలో ఎంత సత్తువ ఉన్నా వెనుదిరగాలి.

లోయలోకి దిగే బ్రైట్ ఏంజెల్ దారిలో కొన్నిచోట్ల కుళాయిలున్నా, వాటికి నీరందించే పాత పైపులైను తరచూ పగులుతుంది. ఆ రోజు ఏ కుళాయిలో నీళ్లున్నాయో విజిటర్ సెంటర్‌లో అడిగి తెలుసుకున్నాకే బయలుదేరాలి. లోయలోకి దిగే మరో దారి సౌత్ కైబాబ్‌లో నీళ్లు అసలు దొరకవు, నీడ దాదాపు లేనట్లే. అయితే ఉప్పు అందకుండా ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. అందుకని ఉప్పు పల్లీలు, జంతికలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోవాలి. రక్తపోటు మందులు వాడేవారు వీటి గురించి ముందే తమ డాక్టరును అడగడం మంచిది. చొక్కానూ టోపీనీ నీటితో తడిపి వేసుకుంటే ఒంటి వేడి త్వరగా తగ్గుతుంది.

సెలవులకు ఇండియా నుండి వచ్చిన తల్లిదండ్రులను లోపలికి దింపవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ ఎత్తులో పైన నడిచినా ఆయాసం వస్తుంది. రిమ్ వెంట చదునుగా ఉన్న బాట, ఉచిత బస్సులు, అక్కడక్కడ కూర్చునే బల్లలు వారికి చాలు. లోయ అందం అక్కడి నుండే నిండుగా కనిపిస్తుంది.

జూలై నుండి సెప్టెంబరు మధ్య వరకు మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. ఉరుము వినబడగానే అంచునూ ఇనుప కటకటాలనూ వదిలి బస్సులోకో భవనంలోకో చేరాలి. వాన ఎక్కడో కురిసినా ఇరుకు లోయల్లోకి ఉన్నట్టుండి వరద వస్తుంది, కాబట్టి ఎండిన వాగుల్లో ఆగకూడదు. అంచున చాలాచోట్ల కటకటాలే ఉండవు; ఫోటో కోసం వెనక్కి అడుగులు వేయకూడదు, పిల్లల చేయి వదలకూడదు. ఉడుతలు కరుస్తాయి, వాటికి తిండి పెట్టవద్దు.

లోపల ఫోన్ సిగ్నల్ చాలావరకు అందదు. విపరీతమైన ఎండలో హెలికాప్టర్ కూడా వెంటనే రాలేకపోవచ్చు. కాబట్టి ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో పైన ఉన్నవారికి కాగితం మీద రాసి ఇచ్చి దిగండి.